బద్వేలు బస్సులో వచ్చిన అతిథి

నేను కాపలా కాసిన పెద్దమనుషుల్లో ఎక్కువమంది షుగరుతో పోయారు. కొందరు గుండెపోటుతో పోయారు. ఒకాయన పెళ్ళి భోజనంలో మాంసం ముక్క గొంతుకు అడ్డం పడి పోయాడు. అప్పుడు నేను తుపాకీ పట్టుకుని ఆయన వెనకే నిలబడి ఉన్నాను. కొత్తగా గన్‌మన్ డ్యూటీలోకి వచ్చే పిల్లలు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. మనం ఆపగలిగేది చావుల్లో చాలా చిన్న రకం.

తూటాతో పోయినవాడు ఒక్కడే. ఆయన నా దగ్గర ఉన్నది రెండు రోజులు. పోయింది నా దగ్గర కాదు. చాలా ఏళ్ళు ఈ విషయం ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు.

నేను కర్నూలులో ఆర్మ్‌డ్ రిజర్వు కానిస్టేబులుగా చేరి, ఉద్యోగంలో సగం గన్‌మన్‌గానే గడిపాను. ఎమ్మెల్యేలు, మాజీ ఎమ్మెల్యేలు, కాబోయే ఎమ్మెల్యేలు. వాళ్ళు లోపల మాట్లాడుకుంటుంటే మేము బయట కూర్చునేవాళ్ళం. ఆ కూర్చోవడంలో నాకు చదవడం అలవాటైంది. జిల్లా గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాన్ని యూనిఫాం లోపల పెట్టుకునేవాణ్ణి. అందువల్ల పాలస్తీనా ఎక్కడుందో నాకు తెలుసు. మా ఇన్‌స్పెక్టరు నన్ను ఎంచుకున్నది మాత్రం అందుకు కాదు. ఆ వారం మిగతా వాళ్ళంతా శ్రీశైలం ఉత్సవాల బందోబస్తుకు వెళ్ళారు.

"ఢిల్లీ నుంచి ఒగాయన వస్తాండాడు. పాలస్తీనా వాళ్ళ ప్రతినిధి అంట" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఈ పొద్దు ఈడ మీటింగు, రేపు సాయంత్రం కడపలో మీటింగు. జిల్లా దాటించి కడప వాళ్ళకు అప్పజెప్పి రా."

"ప్రాణహాని ఉండాదా సార్?"

"ఉండాదంట. మనోళ్ళతో కాదులే."

"మరెవరితో?"

"ఆయన శత్రువులకు కర్నూలు యాడుందో తెలీదు. ఈడ ఉండే శత్రువులకు ఆయనెవరో తెలీదు. ఇంగ నీకు పనేముంటుంది? ఊరికే ఎంట ఉండు."

ఈ తర్కంలో నాకు లోపమేమీ కనబడలేదు.

అతిథి ఆ ఉదయమే రైలు దిగాడు. పొట్టి మనిషి, మందపాటి అద్దాలు, మోచేతుల దగ్గర నలిగిన కోటు. తన పెట్టె తనే మోసుకొచ్చాడు. నాకు చెయ్యి ఇచ్చి పేరు అడిగాడు. గన్‌మన్ పేరు ఎవరూ అడగరు. "గన్‌మన్" అని పిలిస్తే పలుకుతాం.

మా పనిలో ఒక వరస ఉంటుంది. గన్‌మన్ ముందు సీట్లో కూర్చుంటాడు. కారు ఆగగానే ముందు దిగి, చుట్టూ చూసి, ఆ తర్వాత వెనక తలుపు తీస్తాడు. ఈయనతో అది ఒక్కసారీ కుదరలేదు. నేను తుపాకీ బెల్టు సర్దుకునేలోపు ఆయన దిగి వచ్చి నా తలుపు తీసి పట్టుకునేవాడు. వద్దని చెప్పాను. సరేనన్నాడు. మళ్ళీ అదే చేశాడు.

సాయంత్రం కర్నూలు సభలో ఆయన ఇంగ్లీషులో కొంచెమే మాట్లాడాడు. ఒక కాలేజీ లెక్చరరు తెలుగులో చెప్పాడు. "మా ఊళ్ళో ఒక బడి ఉండేది. మా నాన్న అందులో పంతులు. ఇప్పుడు ఆ ఊరు లేదు" అన్నాడు ఆయన. లెక్చరరు దాన్ని అందుకుని, మేఘాలు గర్జించాయన్నాడు, నేలతల్లి కుమిలిందన్నాడు, చరిత్ర నెత్తురు కక్కుకుందన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన చేతులు కట్టుకుని ఓపికగా నిలబడ్డాడు. తర్వాత కారులో నన్ను అడిగాడు, "నేను చెప్పినది మూడు ముక్కలే కదా, ఆయన అంతసేపు ఏం చెప్పాడు?"

నాకు ఇంగ్లీషు చదవడం బాగా వచ్చు, మాట్లాడటం తక్కువ. వెతుక్కుని చెప్పాను. "మీరు చెప్పిందే చెప్పాడు సార్. మబ్బులు కలిపాడు."

ఆ రెండు రోజుల్లో ఆయన పెద్దగా నవ్వింది అప్పుడే.

మరుసటి రోజు కడపకు బయల్దేరాం. సభ పెట్టినవాళ్ళు ఒక బాడుగ కారు మాట్లాడారు. దారిలో, మా జిల్లా హద్దు ఇంకా రాకముందే, ఒక ఊళ్ళో మధ్యాహ్నం భోజనం. ఆ ఊరి పెద్దాయన సభకు సాయం చేశాడు కాబట్టి ఆ భోజనం తప్పదు. పెద్దాయన అంటే మా సీమలో అందరికీ అర్థమవుతుంది, బయటివాళ్ళ కోసం చెప్తాను. ఆయనకు ఒక వర్గం ఉంది. పక్క ఊళ్ళో ఇంకొకాయనకు ఇంకో వర్గం ఉంది. రెండు తరాలుగా ఒకరి మనుషుల్ని ఒకరు చంపుకుంటున్నారు. మొదట దేనికి మొదలైందో నాకు ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు.

ఎత్తైన ప్రహరీ, మిద్దె మీద మనుషులు, రోడ్డు వైపు కిటికీల్లేని ఇల్లు. సంగటి, నాటుకోడి పులుసు, చెనిగ్గింజల ఊరిబిండి పెట్టారు. లెక్చరరు అక్కడిదాకా మాతో వచ్చాడు. పెద్దాయన ఎదుట ఆయన మబ్బులేమీ కలపలేదు. అన్నది అన్నట్టు చెప్పాడు.

"మీది పొలం తగాదానా?" అని అడిగాడు పెద్దాయన.

"అవును" అన్నాడు అతిథి.

"ఎంత పొలం?"

"మొత్తం."

పెద్దాయన సంగటి ముద్ద చేతిలో పట్టుకుని కొంచెంసేపు చూశాడు. "కోర్టుకు పోయినారా?"

"పోయాం. ప్రపంచంలోకెల్లా పెద్ద పంచాయితీకి పోయాం. చాలాసార్లు మాదే న్యాయమన్నారు."

"మరి?"

"పొలం వాళ్ళ దగ్గరే ఉంది."

"అంతే గదప్పా. ఈడా అంతే" అన్నాడు పెద్దాయన. అప్పటి నుంచి ఆయన అతిథితో బంధువుతో మాట్లాడినట్టు మాట్లాడాడు. తనకు తెలిసిన విద్య చెప్పాడు. ఎవరైనా వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు. దీపానికీ కిటికీకీ మధ్య కూర్చోకూడదు. పోయిన దావన తిరిగి రాకూడదు. అతిథి శ్రద్ధగా విన్నాడు. ఒక వడ్రంగి పక్క ఊరి వడ్రంగి పని చూస్తున్నట్టు ఉంది.

"అన్నిటికన్నా ముఖ్యం టయిము" అన్నాడు పెద్దాయన. "నిన్న బయల్దేరిన టయానికి ఈ పొద్దు బయల్దేరగూడదు. టయిము తెలిస్తే సాలు, పసిపిల్లోడు గూడా సంపేస్తాడు."

"నేను రోజూ ఒకే వేళకు ఇంట్లోంచి బయటికి వస్తాను" అన్నాడు అతిథి. "మా అమ్మాయిని బడికి నడిపించుకుని పోవాలి."

"ఇంగెవరితోనన్నా పంపు."

"ఆ పని నేనే చేస్తాను."

"అయితే హాస్టల్లో ఎయ్యి. నా పిల్లోల్లు బెంగళూరులో ఉండారు. ఏడాదికొకసారి పోయి చూసొస్తా. వాళ్ళూ బతికుండారు, నేనూ బతికుండా."

అతిథి కొంచెంసేపు ఆలోచించాడు. మర్యాదకు కాదు, నిజంగానే ఆలోచించాడు. "బడి ఒకే వేళకు తెరుస్తారు" అన్నాడు చివరికి. "మా నాన్న పంతులు. మా ఇంట్లో బడికి ఆలస్యంగా పోవడం కుదరదు."

పెద్దాయన లెక్చరరు వైపు తిరిగి, "ఈయప్పకు మనం చెప్పలేంలే. కూర ఎయ్యమను" అన్నాడు.

భోజనం అయ్యాక లెక్చరరు క్లాసులున్నాయని కర్నూలు బస్సెక్కాడు. మేము బయటికి వచ్చి చూస్తే బాడుగ కారు లేదు. పెద్దాయన దాన్ని పంపేశాడు.

"నా ఇంట్లో తిన్న మనిషి బాడుగ కారులో పోతాడా? నా కారులో పోతాడు" అన్నాడు.

తెల్ల అంబాసిడరు. ముందు కొత్త దీపాలు, వెనక ఆకుపచ్చ తెరలు. ఆ కారు తెలియని మనిషి ఆ రోడ్డు మీద లేడు. తెలియకూడని వాళ్ళకు అందరికన్నా బాగా తెలుసు.

"అయ్యా, మాకు మామూలు బండి అయితే..." అన్నాను.

"ఏమప్పా, నా కారుకేమైంది?"

ఇప్పుడైతే మీరు అంటారు, చెప్పాల్సింది కదా అని. అంత పెద్దమనిషికి, ఆయన వాకిట్లో, ఆయన మనుషుల ముందు, అతిథి ఎదుట, నీ కారెక్కితే చస్తారని ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. పైగా ఆయన ఏ దురుద్దేశంతోనూ చేయలేదు. తన దగ్గరున్న వాటిలో మంచిది ఇచ్చాడు. మా వైపు మర్యాద ముందు వస్తుంది, మిగతావి తర్వాత ఆలోచిస్తారు.

కారు రోడ్డెక్కాక డ్రైవరు నోరు విప్పాడు. కర్నూలు పాతబస్తీ మనిషి. అతని ఉర్దూలో, అతిథి అరబ్బీలో కితాబు, కుర్సీ, ఖబరు లాంటి మాటలు కలిసి, వాకిట్లోనే ఇద్దరికీ స్నేహమైంది.

"సారూ, ఒక మాట. ఈ కారులో మా పెద్దాయన ఎక్కి శానా దినాలైంది."

"మరి ఎట్ల తిరుగుతాడు?"

"పాల వ్యానులో. ఈ కారును నేను ఊరికే తోలుకోని పోయి, ఊరికే తోలుకోని వస్తా. అవతలోళ్ళు దీన్నే చూస్తాంటారని."

"అట్లాంటిది అతిథిని ఎక్కించినాడా?"

"మరి పాల వ్యానులో ఎక్కిస్తాడా సారూ, అంత దూరం నుంచి వచ్చిన మనిషిని?"

ఇదీ న్యాయమే.

ఒక వంక దగ్గర రోడ్డు వాగులోకి దిగి పైకెక్కుతుంది, అక్కడ ఏ బండైనా నెమ్మదించాల్సిందే. దిగే ముందు చింతచెట్టు కింద సైకిలు పట్టుకుని ఒకడు నిలబడి ఉన్నాడు. మా కారును చూశాడు. వెనక అద్దం తెరల సందులోంచి ఒక కోటు భుజం కనబడి ఉంటుంది. రోజూ ఖాళీగా పోయే కారులో ఆ రోజు మనిషున్నాడు. వాడు సైకిలెక్కి అడ్డదారిన పొలాల్లోకి తొక్కాడు. ఆ ఎండలో సైకిలు అంత జోరుగా తొక్కే పని ఏ రైతుకూ ఉండదు.

"చూసినావా సారూ?" అన్నాడు డ్రైవరు.

"చూసినా. ముందర ఏముంది?"

"టీ అంగడి. బస్సులు నిలుస్తాయి. అది దాటితే మళ్ళా వంక."

ఆ రెండో వంక దాకా పోకూడదని నాకు తెలుసు. వెనక్కి తిప్పితే మొదటి వంక. నా దగ్గరున్నది ఒక్క తుపాకీ. అంతవరకు దాన్ని మనుషుల మీద పేల్చలేదు. ఇన్‌స్పెక్టరు చెప్పినది నిజమే, అతిథి శత్రువులకు కర్నూలు ఎక్కడుందో తెలియదు. ఆయన ఎవరో తెలియని వాళ్ళ చేతిలో, తనది కాని తగాదాలో, ఇంకొకడి పేరు మీద చచ్చిపోయేలా ఉన్నాడు.

టీ అంగడి దగ్గర ఎర్రబస్సు కదలబోతూ ఉంది. ముందర బోర్డు మీద బద్వేలు అని ఉంది. అంటే మైదుకూరు మీదుగా పోతుంది. కారును రోడ్డు పక్కన ఖాళీ చేలో ఆపించి, అతిథి వైపు తిరిగాను. ఏమని చెప్పాలి? "సార్, ఈ కారు బాగాలేదు. బస్సులో పోదాం" అన్నాను.

ఆయన బయటికి చూశాడు, నా ముఖం చూశాడు. "కారు బాగాలేదా, కారు గలవాళ్ళు బాగాలేరా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. పెట్టె తీసుకుని దిగి, అలవాటు ప్రకారం వచ్చి నా తలుపు తీశాడు.

"నువ్వు కారు తీసుకోని ఎనక్కి పో" అన్నాను డ్రైవరుతో.

"నేను పోను సారూ. కారుకు పెండ్లాం పిల్లోల్లు లేరు. నాకుండారు." అతను మాకంటే ముందు బస్సెక్కాడు.

బస్సులో నిలబడటానికే చోటు లేదు. తుపాకీ చూసి కొంచెం జరిగారు. కోటు చూసి ఇంకొంచెం జరిగారు. ఒక అవ్వ తన మూట తీసి ఒళ్ళో పెట్టుకుని, "కూసో నాయనా" అని ఆయనకు పక్కన చోటిచ్చింది. కూర్చున్నాక ఆ మూట తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని రెండు చేతుల్తో జాగ్రత్తగా పట్టుకున్నాడు.

"ఏ ఊరప్పా ఈయనది?" అని నన్ను అడిగింది.

"శానా దూరం అవ్వా."

"బద్వేలు కంటేనా?"

"బద్వేలు కంటే."

డ్రైవరు కలగజేసుకున్నాడు. "వాళ్ళూరు ఇప్పుడు లేదవ్వా. పెరుక్కున్నారు."

"మా ఊరూ లేదు" అంది అవ్వ. ఉల్లిగడ్డల ధర చెప్పినట్టు చెప్పింది. "శ్రీశైలం డ్యాము కట్టి ముంచేసిరి. కూతురింటికాడ ఉండా. ఎండాకాలం నీళ్ళు దిగితే మా ఊరు బయటపడతాది. అందురూ పోతాం. మా ఇంటి గోడ మోకాలెత్తు ఉండాది ఇంకా. గోడ మింద కూసోని సద్ది తిని వస్తాం."

"ఏమంటోంది?" అని అడిగాడాయన. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మోకాలెత్తు అనే మాట రాక, చేత్తో చూపించాను.

ఆయన అవ్వ వైపు తిరిగాడు. "ప్రతి ఏడూ పోవచ్చా? ఎవరూ ఆపరా?" నేను తెలుగులో చెప్పాను.

"ఎవరాపుతారు నాయనా? నీళ్ళు దిగితే పోతాం."

తర్వాత ఆయన మూట పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బయట చూడటానికి ఏమీ లేదు, నల్లరేగడి, ఎండిన పత్తికట్టె. హద్దు దగ్గర కడప వాళ్ళ జీపు నిలబడి ఉంది, మా బాడుగ కారు కోసం. నేను డోరు దగ్గర నుంచి చెయ్యి ఊపాను. వాళ్ళలో నాకు తెలిసినవాడొకడు నేను సెలవు మీద ఊరికి పోతున్నాననుకుని తనూ చెయ్యి ఊపాడు.

మైదుకూరులో అవ్వ దగ్గర సెలవు తీసుకుని బస్సు మారాం. కడప ఊరి మొదట్లో దండలు పట్టుకుని నిలబడిన వాళ్ళను బస్సులోంచే చూశాం. వాళ్ళు మమ్మల్ని చూడలేదు. కడప బస్టాండు నుంచి సభ జరిగే హాలుకు రిక్షాలో పోయాం. అక్కడ మైకు కట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు. అతిథి అతని పేరు అడిగి చెయ్యి ఇచ్చాడు.

కడప గన్‌మన్ వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాం. "త్వరలో నన్ను ఢిల్లీ నుంచి మారుస్తున్నారు" అన్నాడు. యూరపులో ఒక ఊరి పేరు చెప్పాడు. "అక్కడ గన్‌మన్‌ను ఇవ్వరట. చాలా భద్రమైన ఊరట. మా ఇంటికి బడి కూడా దగ్గర."

"మంచిది సార్" అన్నాను.

ఆ సాయంత్రం ఖాళీ చేలో ఆగిన ఖాళీ కారు మీద ఎవరో నాటుబాంబులు వేశారు. కారు కాలిపోయింది. పెద్దాయన నా మీద కోపగించుకోలేదు. తన కారు అతిథి ప్రాణం కాపాడిందని చాలా రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

మా పద్ధతి ప్రకారం, అతిథిని అప్పగించిన వెంటనే వైర్‌లెస్ సెట్టులో ఒక మాట చెప్పాలి. అతిథి క్షేమం, మా హద్దు దాటించి అప్పగించాం అని. ఆ మాట చెప్తే డ్యూటీ దిగినట్టు. చెప్పబోయే ముందు కడప స్టేషను నుంచి ఇన్‌స్పెక్టరుకు ఫోను చేశాను. ఆయనకు అప్పటికే కారు సంగతి తెలిసింది.

"మనిషి బాగుండాడా?"

"బాగుండాడు సార్. బస్సులో తెచ్చినా."

"విదేశాల మనిషిని బద్వేలు బస్సులో తెచ్చినానని సెట్టులో చెప్తావా? ఎట్ల వచ్చినాడని అడిగితే ఏం చెప్పల్ల? ఏమీ చెప్పొద్దు. మూసుకోని వచ్చెయ్."

నేను ఏమీ చెప్పలేదు. మూసుకుని వచ్చేశాను.

కొన్నేళ్ళ తర్వాత ఒక మాజీ మంత్రి ఇంటి బయట కూర్చుని పేపరు చదువుతున్నాను. లోపలి పేజీలో, సిమెంటు ప్రకటన కింద చిన్న వార్త. ఫోటో లేదు. పాలస్తీనా ప్రతినిధి ఇంటి ముందు కాల్చి చంపబడ్డాడు. రోజూ మాదిరిగా కూతుర్ని బడి దగ్గర దించి తిరిగి వస్తున్నాడు. కాల్చింది ఇద్దరు. పారిపోయారు. ఎవరు చేయించారనే దానికి తర్వాత రకరకాలు చదివాను. శత్రువులని కొందరు, సొంతవాళ్ళలోనే గిట్టనివాళ్ళని కొందరు. ఎవరూ ఒప్పుకోలేదు. నాకు దాన్ని గురించి తెలిసింది అంతే.

ఇన్‌స్పెక్టరు అప్పటికి డీఎస్పీ అయ్యాడు. పోయి చెప్పాను. "అయ్యో" అన్నాడు. మంచివాడే, నిజంగానే బాధపడ్డాడు. ఆ తర్వాత అలవాటు కొద్దీ అన్నాడు, "మన లిమిట్స్‌లో కాదు కదప్పా."

పెద్దాయనకు చెప్పడానికి సెలవు పెట్టి ఆ ఊరికి పోయాను. ముసలివాడయ్యాడు. మంచం మీద కూర్చుని విన్నాడు.

"బిడ్డ పక్కన ఉండిందా?"

"లేదు. బళ్ళో దించేసినాడు."

"బిడ్డకు బడి ఆలస్యం కాలేదు గదా?"

"కాలేదు."

"సరే అయితే" అన్నాడు పెద్దాయన. కొంచెంసేపటికి, "చెప్పినా గదప్పా, టయిము అని" అన్నాడు. అది తప్పు పట్టడం కాదు. ఆయనకు కన్నీళ్ళు పెట్టుకోవడం అంతవరకే వచ్చు.

ఆయన ఎవరి చేతిలోనూ చావలేదు. చాలా ఏళ్ళు బతికి ఆ మంచం మీదే పోయాడు. పిల్లలు బెంగళూరు నుంచి వచ్చారు. శవానికి ఎటు నిలబడాలో, ఎవరు ఏ వరసో పక్కవాళ్ళను అడిగి తెలుసుకుంటున్నారు. అతిథి, పెద్దాయన, ఇద్దరిలో ఎవరిది సరైన లెక్క అని నన్ను అడగొద్దు. నేను గన్‌మన్‌ను. మనిషి ఎందుకు బతకాలో మా ట్రైనింగులో లేదు.

నేను రిటైరయిన రోజు తుపాకీ అప్పగించాను, బెల్టు అప్పగించాను. చేసిన ప్రతి డ్యూటీకీ దిగిన కబురు ఎక్కడో ఒకచోట సెట్టులో చెప్పే ఉన్నాను, ఆ ఒక్కదానికి తప్ప. అతిథి క్షేమం అనే మాట నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి లేదు. పద్ధతి ప్రకారం చూస్తే ఆ పొట్టి మనిషి ఇంకా నా కాపలాలోనే ఉన్నాడు.